పాన్‌కేక్ పొంగాలంటే

“కలపడం ఆపు!”

ఫోన్లోంచి వచ్చిన కేకకి ఆమె చేతిలోని గరిటె జారి గిన్నెలో పడింది.

“ఇంకా ఉండలున్నాయక్కా.”

“ఉండనీ. పిండి మీద పగబట్టినట్టు అలా గిలకొడితే పాన్‌కేక్ రాదు, చెప్పుల అట్ట వస్తుంది. చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్.”

వదిలెయ్యమంటే ఎలా వదలడం? ఆమె గిన్నె వంక చూసింది, పడగ్గది తలుపు వంక చూసింది, మళ్ళీ గిన్నె వంక చూసింది. ఆరిపోయిన చేతుల్నే కొంగుకి తుడుచుకుంది. గుడ్డనైతే కంటితో చూసి జానెడో బెత్తెడో చెప్పగలదు. కుట్టు మిషను ముందు కూర్చుంటే ఆమెకి తిరుగు లేదు. వంటంటారా, కడుపు నిండేలా ఏదో చేస్తుంది. కానీ పెరుగు పోసి మైదా కలిపి, బ్లూబెర్రీలు చల్లి, దూదిలా పొంగించడం ఆమె ఇంటావంటా లేదు.

అంతా పిచ్చుక కోసం.

పిచ్చుక ఆమె భర్తకి మొదటి పెళ్ళి వల్ల కలిగిన కూతురు. తల్లికి దూరపు ఊళ్ళో ఉద్యోగం దొరికింది. అక్కడ ఇల్లు కుదిరేదాకా పిల్ల తండ్రి దగ్గరుండాలని ఒప్పుకున్నారు. వచ్చిన పిల్ల పేచీ పెట్టదు, ఏడవదు. తినదు, అంతే. ఏం పెట్టినా కాస్త కెలికి, “కడుపు నిండింది ఆంటీ” అని లేచిపోతుంది. తండ్రి నవ్వుతూ పిచ్చుక అని పేరు పెట్టాడు. కానీ భుజాల దగ్గర గౌను రోజురోజుకీ వదులవుతుంటే, ఆ గౌను కుట్టిన మనిషికి నవ్వెలా వస్తుంది?

నిన్న సాయంత్రం బజార్లో పండ్ల దుకాణంలో బ్లూబెర్రీల ముందు పిచ్చుక ఆగిపోయింది. “వీటితో అమ్మ పాన్‌కేకులు చేసేది” అంది, ఎవరితోనో అన్నట్టు. ఇంటికి రాగానే ఆమె అక్కకి ఫోన్ చేసింది. తెల్లారగానే మళ్ళీ చేసింది.

“మీ ఆయన ఉన్నాడా?” అంది అక్క.

“పొద్దున్నే బస్సు డ్యూటీకి వెళ్ళారు.”

“బతికిపోయావ్. ఉంటే పదిసార్లు మూత తీసి చూసేవాడు. సరే, పెనం కాలిందా? మంట తగ్గించు. పిండి పొయ్యి. గరిటెతో రుద్దకు, దోసె కాదది.”

ఆమె పోసింది. ఓపిక పట్టలేక తొందరగా తిప్పింది. అది సగానికి చిరిగి, ఒకవైపు మాడి, ఇంకోవైపు పచ్చిగా చతికిలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నా వల్ల కాదక్కా. ఆ పిల్లకి నేను పనికిరాను.”



“మొదటిదెప్పుడూ పెనమే తినేస్తుంది,” అంది అక్క. ఆ గొంతులో ఇందాకటి కరుకు లేదు. “నాకూ అంతే. మళ్ళీ పొయ్యి. పండ్లు పిండిలో కలపకు, పైన చల్లు. బుడగలొచ్చి పగిలేదాకా చేతులు కట్టుకుని నిలబడు. తిప్పాక అట్లకాడతో నొక్కావంటే నా మీద ఒట్టే.”

ఈసారి ఆమె నిజంగానే చేతులు కట్టుకుంది. బుడగలు ఒక్కొక్కటే లేచి పగిలాయి. తిప్పింది. పెరుగు పులుపు, వంట సోడా ఏం మంతనాలాడుకున్నాయో గానీ, అంచులు మెల్లగా పైకి లేచి, అరంగుళం మందాన పొంగి కూర్చుంది. అక్కడక్కడ పండ్లు చిట్లి ఊదారంగు మరకలు.

“అక్కా! పొంగింది!”

“గట్టిగా అరవకు, పిల్ల లేస్తుంది. చూడు, నేను చెప్పానని మాత్రం అనకు. అన్నావంటే అది నీ చేతి వంటగా తినదు.”

పడగ్గది తలుపు కిర్రుమంది.

“లేచింది! పెట్టేస్తున్నా.”

“వద్దు, కట్ చెయ్యకు. తింటుందో లేదో నన్ను విననీ.”

ఆమె ఫోన్ని డబ్బాల వెనక్కి నెట్టింది. పిచ్చుక కళ్ళు నులుముకుంటూ వచ్చి, పళ్ళెం చూసి ఆగింది. కూర్చుని చిన్న ముక్క తుంచింది. నమిలింది. ఇంకో ముక్క. ఆమె స్టవ్ వైపు తిరిగి, తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది.

“ఇంకోటి ఉందా?”

ఆమె వేసింది. పిచ్చుక అదీ తినేసి, వేళ్ళకంటిన ఊదారంగు నాకుతూ, “పిన్నీ!” అంది.

ఆ పిలుపు వినడం ఆమెకి అదే మొదటిసారి.

“ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పకూడదు. అమ్మ చేసేదానికన్నా ఇదే బాగుంది.” పిల్ల గొంతు తగ్గించింది. “అమ్మకి తెలిస్తే ఏడుస్తుంది.”

పిల్ల తల నిమరబోయిన ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పిచ్చుక అదేమీ పట్టనట్టు చెయ్యి కడుక్కోవడానికి పరుగెత్తింది.

ఆమె డబ్బాల వెనకనుంచి ఫోన్ తీసింది.

“అక్కా… ఉన్నారా?”

“ఉన్నా.” ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “రేపు కూడా చేసిపెట్టు. పెరుగు కాస్త పుల్లగా ఉండేలా చూసుకో.”

పిచ్చుక వాళ్ళమ్మ ఫోన్ పెట్టేసింది.