ఇరవై అడుగుల దగ్గర

రాత్రి రెజిమెంటల్ బజార్ ఆఫీసులో వాసు ఒక్కడే ఉన్నాడు. అల్వాల్‌లో లేవబోయే ఐటీ టవర్ కింది మట్టి పొరలను కంప్యూటర్‌లో గీస్తున్నాడు. గుంత తవ్విన లక్ష్మణ్ కాగితంలో, ఇరవై అడుగుల దగ్గర "బాయి" అని ఉంది.

"బాయంటే మీ వైపు నుయ్యే. పూడ్చాలని రాసెయ్," అన్నారు పొద్దున ఆఫీసు పెద్ద మధుసూదన్ సార్. అనకాపల్లి నుంచి వచ్చిన వాసు నమ్మి రాశాడు. సాయంత్రానికే కాంక్రీటు పోశారు.

గీయడానికి వెడల్పు కావాలి. లక్ష్మణ్‌కు ఫోన్ చేశాడు.

"ఆ బాయి ఎంత వెడల్పు?"

"బాయేంది సార్? గది మా భాయి, మా అన్న! పోయినేడు మాయమైనోడు. పీనుగను పెద్దసారుకు చూపెట్టిన. పోలీసోళ్లను తెస్తనన్నడు."

వాసు ఫైలు తెరిచాడు. పూడ్చమన్న కాగితం మీద తన సంతకం ఒక్కటే ఉంది.

మెట్లెక్కుతున్న మధుసూదన్ సార్ బూట్ల చప్పుడు తలుపు దగ్గర ఆగింది.

"వాసూ, ఇంకా ఇంటికి పోలేదా?"