గోడ మీది అక్షరాలు

“నువ్వు అచ్చరాలు సదవటానికి రానేదన్నా, బట్టీ పట్టటానికొచ్చావ్,” అంది కాంతం గొంతు తగ్గించి.

బెంచీ మీద కూర్చుని పెదాలు కదుపుతున్న చలమయ్య ఉలిక్కిపడ్డాడు. మద్దిలపాలెంలో శ్రీరామ్మూర్తి డాక్టరుగారి కళ్ళజోళ్ళ షాపు అది. పొద్దుట్నుంచీ తన వెనకొచ్చిన వాళ్ళందర్నీ మర్యాదగా ముందు పంపించేస్తున్నాడీ మనిషి. వాళ్ళు లోపల గోడ మీది ఛార్టు పైకి చదువుతుంటే చెవులు రిక్కించి వింటున్నాడు. ఇంత మర్యాదస్తుణ్ణి షాపులో పనిచేసే కాంతం ఇదివరకెప్పుడూ చూడలేదు.

“ఎదర గోడకి కేలండరుంది. అందులో ఏ దేముడో సెప్పు సూద్దాం.”

చలమయ్య కళ్ళు చిట్లించాడు. “ఎంకటేశ్వరసామి.”

“నా మొహం! అది సబ్బుల కంపెనీది. సంటిపిల్ల బొమ్మ.”

చలమయ్య బిక్కమొహం వేశాడు. “కళ్ళు బాగున్నాయని డాక్టరుబాబు కాయితమిస్తేనే కంట్రాక్టరు బస్సు తాళాలు మళ్ళీ ఇస్తానన్నాడు. నీ కాళ్ళట్టుకుంటాను సెల్లెమ్మా, సెప్పకు.”

“స్టీలుప్లాంటు పనికి మా ఆయన రోజూ ఎక్కేది నీ బస్సే. మొన్న గాజువాక కాడ ఎడ్లబండిని రాసుకుంటూ పోనావంట. నాను సెప్పక మానను.”

చలమయ్య బతిమాలడం మానేశాడు. మెల్లగా లేచి నిలబడ్డాడు. “సెప్పు మరి. మీ ఆయన ఎక్కేది నా బస్సేనని నువ్వే అన్నావు కదేటి.”

కాంతం ఒకడుగు వెనక్కేసింది. చెబితే వీడితో భయం, చెప్పకపోతే వీడి కళ్ళతో భయం. ఎటు చూసినా మొగుడి ప్రాణమే.

“తర్వాత ఎవరమ్మా?” లోపల్నుంచి డాక్టరుగారు కేకేశారు.

చటుక్కున ఆమెకో ఆలోచన వచ్చింది. చలమయ్యకంటే ముందే గదిలోకి వెళ్ళింది. డాక్టరుగారు అటు తిరిగి చేతులు కడుక్కుంటున్నారు. ఛార్టుని కొక్కెం నుంచి తీసి తలుపు వెనక పెట్టేసింది. తెల్లటి సున్నపు గోడ మిగిలింది. చెయ్యి వణుకుతోందని డాక్టరుగారు ఈమధ్య రాతపని, కొలతలు అన్నీ ఆమెకే వదిలేశారు గానీ, పరీక్ష మాత్రం ఇంకొకరికి ఇవ్వరు. లేని అక్షరాలు చదివేవాణ్ణి ఆయనే పట్టుకుంటారు. తను నోరు విప్పక్కర్లేదు.

చలమయ్య వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరుగారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, “మొదలుపెట్టవయ్యా,” అన్నారు.

“గ. ర, స. ప, న, ట. వ, ల, క, మ…” చలమయ్య గోడకేసి చూస్తూ గడగడా అప్పజెప్పేశాడు.

కాంతానికి నవ్వొచ్చినంత పనైంది. ఇక అయిపోయింది వీడి పని.

డాక్టరుగారు బెత్తం తీసుకుని గోడ దగ్గరికి నడిచారు. బెత్తం పైకెత్తి ఆగారు. కాంతం ఆయన చేతికేసి చూసింది. ఆయన చెయ్యి ఏమాత్రం వణకడం లేదు.

“భేష్! అన్నీ సరిగ్గా చదివావు. ఇక ఇదొక్కటే మిగిలింది,” అంటూ డాక్టరుగారు బెత్తం మొనని ఉత్త గోడ మీద, ఆఖరి వరస ఉండాల్సిన చోట ఆనించారు.