కేంద్రం కట్టిన కోట

"పీచ్ చెట్లకి నీళ్లు బాగా పెట్టు ముసలాయనా! కాపుకొచ్చాక తినేది నేనేగా" అన్నాడు హాస్కిన్స్, కంచె మీద బూటుకాలు పెట్టి.

కనూనాకి ఒళ్లు మండింది. తాతల నాటి నుంచీ తన చెరోకీ తెగవాళ్ల నేల అది. జార్జియా రాష్ట్రం దాన్ని ముక్కలు చేసి తెల్లవాళ్లకి లాటరీ వేసింది. కనూనా ఇల్లూ తోటా ఈ హాస్కిన్స్‌కి తగిలాయి.

"మీ జార్జియా చట్టం ఇక్కడ చెల్లదని వాషింగ్టన్‌లో పెద్ద కోర్టే చెప్పింది."

"అయితే ఆ కోర్టునే వచ్చి కాపలా కాయమను!"

అదే వచ్చిన చిక్కు. తీర్పు వచ్చి ఆరేళ్లయింది. ఎన్ని విన్నపాలు పంపినా కేంద్రానిది ఒకటే పాట: రాష్ట్రం వ్యవహారంలో మేం వేలు పెట్టం. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదు.

అలాంటిది, ఆ వసంతంలో కేంద్రం సైన్యం దిగింది.

"చూశావుటే ఐకీ! మన గోడు వాళ్ల చెవికెక్కింది" అన్నాడు కనూనా భార్యతో.

"ఆరేళ్ల చెవుడు ఒక్కసారే ఎలా వదిలిందో?"

"నీకన్నీ అనుమానాలే!"

సైనికులు ఊరి చివర దుంగలతో కోట మొదలుపెట్టారు. కనూనా ఎడ్లు తోలుకెళ్లి దుంగలు లాగాడు. కోట తలుపుకి, పదిమంది తోసినా విరగని అడ్డగడియ తనే చెక్కిచ్చాడు. ఐకీ సణుగుతూనే చిక్కుడు గింజల రొట్టెలు కాల్చి పంపింది.

"ఇంత పెద్ద కోటెందుకు బాబూ?" అని అడిగాడు కనూనా.

"మీవాళ్లు చాలామంది ఉన్నారు కదా" అన్నాడు కుర్ర లెఫ్టినెంటు, రొట్టె మీంచి తలెత్తకుండా.

కనూనాకి కళ్లు చెమర్చాయి. ఒక్కరిని కూడా వదిలిపెట్టరన్నమాట!

హాస్కిన్స్ కూడా వచ్చి కోట చూశాడు. ఏడుస్తూ పోవాల్సినవాడు ఈల వేసుకుంటూ పోయాడు. మేకపోతు గాంభీర్యం అనుకుని నవ్వుకున్నాడు కనూనా.

కోట పూర్తయిన మర్నాడు సైనికులు గడప గడపకీ వచ్చారు. ఇంటిల్లిపాదీ ఉన్నపళంగా కోటలోకి రావాలన్నారు. జార్జియావాళ్లని తరిమేదాకా భద్రంగా ఉండమని కాబోలు. పిల్లాజెల్లాతో ఊరంతా కదిలింది.

వెనక్కి చూస్తే హాస్కిన్స్ అప్పుడే పీచ్ తోటలో తిరుగుతున్నాడు.

"వాడు ఇటొచ్చేలోగా గడియ పెట్టండి!" అంటూ కనూనా అందరికంటే వెనక లోపలికొచ్చి, తనే తలుపు మూసి గడియ కోసం తడిమాడు.

గడియ బయటివైపు పడింది.