నల్లమందు వార్త

"నాలుగు శనక్కాయలు పెట్టమ్మా."

గంప ముందు కూర్చున్న సామ్రాజ్యం, అడిగిన మనిషి ముఖం చూడలేదు. అతని చంకలో ఉన్న గులాబీరంగు అట్ట పత్రిక చూసింది.

"లేవు," అంది.

గంప నిండా ఉడికిన కాయలు పొగలు కక్కుతున్నాయి.

దొనకొండ స్టేషనుకు ఇది కొత్త కాదు. చెన్నపట్నం నుంచి వచ్చే ఆ వారపత్రిక చేతిలో ఉన్నవాడికి సామ్రాజ్యం ఒక్క కాయ కూడా అమ్మదు.

ఆ పత్రికకు వారం వారం ఒక భయం కావాలి. ఒక వారం రైళ్ళలో మత్తు బిళ్ళలు. ఇంకో వారం మిఠాయిల్లో ఉమ్మెత్త గింజలు.

ఆరేళ్ళ కిందట ఒక వారం ఆమె మొగుడు.

యాకోబు మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. కంభం చుట్టుపక్కల పల్లెలకు నడిచిపోయి చలిజ్వరం పిల్లలకు కొయినా బిళ్ళలు మింగించేవాడు. 'దొనకొండ కాంపౌండరు బిళ్ళల్లో నల్లమందు కలిపి పసివాళ్ళకు అలవాటు చేస్తున్నాడు' అని పత్రిక పేరుతో సహా అచ్చేసింది.

ఆ వారమే ఒక పల్లెలో జనం అతన్ని కొట్టి తరిమారు. మిషనువాళ్ళు పనిలోంచి తీసేశారు. ఏడాది తిరక్కముందే మంచంపట్టి పోయాడు.

రాసినవాడు చెన్నపట్నంలో ఉన్నాడు. వాడు ఆమెకు అందడు. చదివేవాళ్ళు మాత్రం రోజూ రైలు దిగుతారు.

"పోనీ, గుక్కెడు నీళ్ళన్నా పొయ్యి తల్లీ. జొరంగా ఉండాది."

అప్పుడు చూసింది అతన్ని. యాభై దాటిన రైతు. ఎర్రటి ఎండలో కంబళి కప్పుకొని వణుకుతున్నాడు.

సామ్రాజ్యం కుండ ఎత్తి, అతని కాళ్ళ ముందే నీళ్ళన్నీ నేల మీద ఒలకబోసింది.

"నీళ్ళు కూడా లేవు."

అతను కోప్పడలేదు.

"ఈ ఊళ్ళో యాకోబని కాంపౌండరు ఉండేవాడంట. ఆయన పెండ్లాం యాడుంటాది, తెలుసునా?"

చచ్చినవాణ్ణి కూడా వదలరా వీళ్ళు! మళ్ళీ ఏం రాయిస్తారో అనుకుంది సామ్రాజ్యం.

"సచ్చిపోయింది."

"ఎప్పుడు?"

"మొగుడు పోయిన నెలకే."

"బిడ్డలు?"

"ఎవురూ లేరు. ఆ పత్రిక చదివినోళ్ళే ఇద్దర్నీ సంపినారు. నీ అట్లాంటోళ్ళే!"

అతను తల వంచుకున్నాడు.

"నిజమేనమ్మా. మా అట్లాంటోళ్ళమే."

జేబులోంచి ఒక కాగితం తీశాడు. చిన్న పెన్సిలు ముక్కతో దాని మీద ఏదో కొట్టేశాడు. గుంటకల్లు బండి రాగానే కంబళి ఈడ్చుకుంటూ ఎక్కి పోయాడు.

వాడి ముఖం పాలిపోవడం ఆమె కళ్ళారా చూసింది. ఆరేళ్ళకు ఆ పూట ఆమెకు అన్నం సహించింది.

ఎనిమిది నెలలు గడిచాయి.

మిషను బడి పంతులు వరప్రసాదం ఒకనాడు పరుగున వచ్చాడు. చేతిలో రెండు వారాల నాటి దినపత్రిక.

"అక్కా! ఆ గులాబీ పత్రిక మూతబడింది. దాని యజమానికి జైలు పడింది!"

సామ్రాజ్యం గంప దించి నిలబడిపోయింది.

"ఎవురు పడేసినారు?"

"పదకొండు కుటుంబాలోళ్ళు కోర్టుకెక్కినారంట. ఆ మందుల కతలన్నీ ఉత్తవేనని తేలిపోయింది. ఆ పదకొండు పేర్లకూ మచ్చ లేదని తీర్పులో రాసినారు."

"మా ఆయన పేరు?"

వరప్రసాదం గొంతు తగ్గించాడు.

"లేదక్కా. అర్ధవీడు రైతు, అంకన్న అని ఒకాయన, పాత పత్రికలన్నీ ముందేసుకొని, ఊరూరా తిరిగి ఒక్కొక్కర్నీ వెతికి తెచ్చినాడంట. కాంపౌండరు పేరూ ఆయన రాసుకున్నాడు. భార్య సంతకం కావాల. స్టేషన్లో అడిగితే, ఆమె కూడా పోయిందని ఎవురో చెప్పినారంట. అందుకని ఆ ఒక్కటీ వదిలేసినారు."

సామ్రాజ్యం ఆ రోజు శనక్కాయలు అమ్మలేదు. దొరికిన బండెక్కి కంభంలో దిగి, అర్ధవీటికి నడిచింది.

అంకన్న ఇంటి ముందు అతని భార్య శేషమ్మ కూర్చొని ఉంది. నొసట బొట్టు లేదు.

"జొరంతోనే తిరిగినాడు. తీర్పు విన్న మూడోనాడు పోయినాడు," అంది శేషమ్మ. "నువ్వెవురమ్మా?"

"యాకోబు భార్యను. సచ్చిపోయిందని ఆయనకు చెప్పింది నేనే."

శేషమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

"నీ కోసమే ముందు దొనకొండ పోయినాడు. నువ్వు లేవని తెలిసి, వచ్చి రెండు రోజులు కూడు ముట్టలేదు."

"మా ఆయనకు ఆయన ఏమవుతాడు? ఎందుకింత చేసినాడు?"

శేషమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ వార్త వచ్చిన వారం మా బిడ్డకు చలిజొరం. మీ ఆయన ఇచ్చిపోయిన బిళ్ళలు ఇంట్లోనే ఉండాయి. నల్లమందని ఈయన వాటిని వాగులో పారేసినాడు. మర్నాడు మీ ఆయన మళ్ళీ బిళ్ళలు తీసుకొని ఊళ్ళోకొస్తే, అందరికంటే ముందు ఈయనే చెయ్యి చేసుకున్నాడు. నాలుగోనాడు ఆ చేతుల్లోనే బిడ్డ పోయింది."