వెనక చక్రం

“ఆగమ్మా, ఆగు. గాలి లేని చక్రాన్ని అలా ఈడ్చుకుంటూ పోతే టైరూ పోతుంది, ట్యూబూ పోతుంది.”

రోడ్డు దాటి నాలుగడుగులు పరిగెత్తేసరికే అతనికి ఆయాసం వచ్చింది. గడియారాలు బాగుచేసే పని. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని కంటికి భూతద్దం తగిలించుకునే మనిషికి పరుగెక్కడ అలవాటు?

ఆవిడ ఆగి వెనక్కి చూసింది. తుంపరకి జుట్టు తడిసి నుదుటికి అతుక్కుపోయి ఉంది.

“పంక్చరు కొట్టు దగ్గర్లో ఉందా, బాబాయ్‌గారూ?”

“ఉంది. కానీ తొమ్మిదైతే గానీ తెరవడు.”

“అయ్యో! నేను ఎనిమిదికల్లా డ్యూటీలో ఉండాలి. ఈ వారంలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే రావద్దన్నారు.”

“అందుకేగా పిలిచాను.”

అతను సంచీలోంచి పంపు బయటకు తీశాడు. నిండా పిడికెడు లేదు. ఆవిడ అనుమానంగా చూసింది.

“ఇదేంటి, టార్చిలైటా?”

“గాలి కొట్టేది. చార్జింగు పెట్టుకుంటే చాలు, వంగి లేచే బాధ ఉండదు. కొని రెండు నెలలైంది గానీ, దీన్ని వాడే యోగం ఇవాళ్టిదాకా పట్టలేదు.”

“ఇంత దానివల్ల అవుతుందా?”

“చూడు మరి.”

సైకిల్ని గోడకి ఆనించి, ముందు చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. వేళ్లతో టైరంతా తడిమాడు. మేకూ లేదు, ముల్లూ లేదు. గాలి మెల్లగా దిగిపోయిందంతే. వాల్వు మూత విప్పి గొట్టం బిగించాడు, అంకె యాభైకి పెట్టి మీట నొక్కాడు. పంపు ఒక్కసారిగా కందిరీగల తుట్టె కదిలినట్టు మోత మొదలెట్టింది. ఆవిడ ఉలిక్కిపడి, వెంటనే నవ్వేసింది.

“పిట్ట కొంచెం, కూత ఘనం!”

“యాభైకి చేరగానే దానంతటదే నోరు మూసుకుంటుంది. ఆ గుణం మనుషులకు లేదు.”

అన్నట్టుగానే ఆగింది. టైరు గట్టిగా ఉబ్బింది. ఆవిడ హ్యాండిల్ పట్టుకోబోతే అతను చేయి అడ్డం పెట్టాడు.

“ఉండమ్మా, వెనకది కూడా చూద్దాం.”

“వెనకది బాగానే ఉందండీ. టైమైపోతోంది.”

“రెండు నిమిషాలు.”

అతను వెనక్కి జరిగాడు. వెనక వాల్వు కాస్త పక్కకి ఒరిగి ఉంది. బొటనవేలితో దాన్ని లోపలికి నొక్కిపట్టి, రెండో చేత్తో గొట్టం తిప్పాడు. ఒక్కసారికే పట్టేసింది.

“భలే ఎక్కించారే! అది నన్నెంత సతాయిస్తుందో. పంక్చరు కొట్టువాడు కూడా నాలుగుసార్లు తిట్టుకుంటాడు.”

“కొన్నింటిని నొక్కిపట్టి తిప్పాలి” అన్నాడు అతను. మీట మాత్రం వెంటనే నొక్కలేదు. “బండి కొత్తగా కొన్నారా?”

“రెండు నెలలవుతోంది. మా ఆయన తెచ్చాడు. ఎవరో ఇల్లు మారిపోతూ వదిలించుకున్నారట.” ఆవిడ కొంగుతో సీటు తుడిచింది. “పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆయన నాకంటూ తెచ్చిన మొదటి వస్తువు ఇదే.”

అతను మీట నొక్కాడు. మోతలో వినపడదని ఆవిడ గొంతు పెంచింది.

“ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని నాది. ఇదివరకు నడిచిపోయి నడిచొచ్చేదాన్ని. ఇల్లు చేరేసరికి పాప నిద్రపోయేది. పొద్దున అది లేవకముందే నేను గడప దాటాలి. ఒకరోజు మా అత్తగారు ‘మీ అమ్మ ఏదే?’ అనడిగితే, గోడమీద ఫొటో చూపించిందట బాబాయ్‌గారూ. బతికుండగానే ఫొటోనైపోయాను!”

నవ్వుతూనే చెప్పి, కొంగుతో మొహం మీది తుంపర తుడుచుకుంది.

“ఇప్పుడో?”

“ఇప్పుడా? సైకిలు గంట వినపడితే చాలు, గుమ్మంలోకి పరిగెత్తుకొస్తుంది. నేనే తినిపించాలి, నేనే పడుకోబెట్టాలి. వేరేవాళ్లు ముట్టుకుంటే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది.”

పంపు ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. టైరు మీద చేయి అలాగే వేసి ఉంచాడు. గొట్టం పట్టిన చోట పంపు వేడెక్కి చేతికి చుర్రుమన్నాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

“అయిపోయిందా అండీ?”

“అయిపోయింది.”

మూత బిగించి, మోకాళ్లు పట్టుకుని లేచాడు. ఆవిడ సైకిలెక్కబోతుంటే పంపుని ముందు బుట్టలో పెట్టాడు.

“ఇదేంటి?”

“ఉంచుకోమ్మా. ముందు ట్యూబు పాతది, మళ్లీ దిగుతుంది. సెలవు దొరికినప్పుడు మార్పించు. అందాకా పొద్దున్నే ఓసారి కొట్టుకో.”

“వద్దొద్దు! మరి మీ సైకిలుకి?”

“నా సంగతా? బాగా నడవమని డాక్టరు పోరుతున్నాడు. ఇక నడకే.”

“ఎవరైనా అడిగితే ఏమని చెప్పను?”

“బాబాయ్ ఇచ్చాడని చెప్పు. కదులు, ఎనిమిదవుతోంది.”

ఆవిడ రెండు చేతులూ జోడించింది. తలూపి సైకిలెక్కేసింది. మలుపు దగ్గర ఎవరో అడ్డమొస్తే గంట కొట్టింది. సైకిల్ కనుమరుగయ్యేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. తర్వాత చేతులకంటిన మసి జేబురుమాలుతో తుడుచుకుని, అటూ ఇటూ చూసుకుని, నెమ్మదిగా రోడ్డు దాటాడు.

మందుల దుకాణం చూరు కింద వానకోటు వేసుకున్న మనిషొకడు వేచి ఉన్నాడు.

“ఏంటండీ, అంతసేపు? పోయిన మీ సైకిలో కాదో చూసొస్తానని వెళ్లి, పోనిచ్చేశారేం?”

అతను జేబురుమాలు మడతపెట్టి లోపల పెట్టుకున్నాడు.

“అది నా సైకిల్ కాదు, కానిస్టేబుల్ గారూ.”