కొట్టుగది దీపం

"ట్రాన్స్‌ఫర్ వచ్చేసింది! తెల్లారేసరికి ఇంట్లో ఉంటా!" అని భర్త ఫోన్లో అరవగానే ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు. పెళ్లయిన పదో రోజే ఉద్యోగానికి వెళ్లిపోయిన మనిషి మరి.

"అయితే ఇంజనీరుగారూ, ముందు మనిషి కదలికకి వెలగాలని మీరు పెట్టిన ఈ దీపాల సంగతి చెప్పండి. నేను గదిలోకి వెళితే ఆరిపోతాయి, బయటికొస్తే వెలుగుతాయి. నన్ను చూస్తే సిగ్గేమో!"

అతను పగలబడి నవ్వాడు. దీపాల్ని వెలిగించి ఆర్పే రిలే స్విచ్చులకు సిగ్నల్ ఆపేస్తేనే దీపం వెలుగుతుందట, తను తిరగేసి రాశాడట. అతను చెప్పినట్టే ఆ స్విచ్చుల్ని నడిపే బుల్లి కంప్యూటర్లో హాలుకీ వంటింటికీ పడగ్గదికీ ఒక్కో మాట మార్చింది. ఆమె అడుగుపెట్టగానే మూడు గదులూ బుద్ధిగా వెలిగాయి.

"ఇక కొట్టుగది. మీరెళ్లిన దగ్గర్నుంచీ వెలుగుతూనే ఉంది పాపం."

అవతల నవ్వు ఆగిపోయింది.

"అది ముట్టుకోకు బంగారం. దాన్ని వెళ్లేముందే సరిచేశాను. లోపల మనిషి కదిలితేనే వెలుగుతుంది."

మూసిన తలుపు కింద వెలుతురు. ఆమె చూస్తుండగానే టిక్కుమని ఆరింది. కాసేపటికి మళ్లీ వెలిగింది.

"ఫోన్ పెట్టెయ్యకు," అన్నాడతను మెల్లగా. "మాట్లాడుతూనే పక్కింటి అక్కావాళ్ల దగ్గరికి వెళ్లిపో. రేపు పొద్దున నేనొచ్చాక ఆ తలుపు మనిద్దరం కలిసే తీద్దాం."