ఏడు గుండీలు

కాస్త ఇలా దగ్గరికి జరగండి. మోకాళ్ళు తగిలితే తగిలాయి, ఈ కథ అరిచి చెప్పేది కాదు.

ఒక దర్జీ ఉండేవాడు. చొక్కాలు కుట్టడం అతని వంతు, కాజాలూ గుండీలూ భార్య వంతు. ముప్పై ఏళ్ళు అలాగే గడిచాయి.

ఆవిడ పోయింది.

దర్జీ చొక్కాలు కుడుతూనే ఉన్నాడు. వాటికి గుండీలు మాత్రం లేవు. ఆవిడ గుండీల డబ్బా మిషను పక్కనే ఉంది. తను మూత తీయడు, ఇంకొకరిని తీయనివ్వడు. నాలుగు నెలల్లో ఆ వీధి మగాళ్ళంతా పిన్నీసులతో తిరిగారు. పసిపిల్లల్ని ఎత్తుకోవాలంటే భయం!

"ఇలాగైతే దుకాణం మూసుకోవడమే నాన్నా. అయినవాళ్ళు పోయిన దిగులుకి ఓ డాక్టరున్నారట, పద," అంది కూతురు.

"చిరిగిన చొక్కాకి కుట్లేస్తారు. మనిషికి ఎక్కడేస్తారే?"

అయినా లాక్కెళ్ళింది.

తీరా డాక్టరు గది తలుపు తెరుచుకోబోతుంటే, దర్జీ బల్ల మీంచి లేచి ఒకటే పరుగు. ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది. కూతురు అక్కడే కూర్చుని ఏడ్చింది.

ఆ గురువారం దుకాణానికి ఓ సన్నటి మనిషి వచ్చాడు. సీసా అడుగంత కళ్ళద్దాలు.

"మాస్టారూ, గుండీ ఊడింది."

"గుండీలు మా ఆవిడ చూసుకునేది. ఆవిడ లేదు."

"పర్లేదు, కూర్చుంటాను."

"ఎంతసేపు కూర్చుంటావయ్యా? ఆవిడ పోయి నాలుగు నెలలైంది!"

అతను కదిలితేనా! కాసేపటికి మెల్లగా, "ఆవిడైతే దీనికి ఏ గుండీ వేసేది?" అన్నాడు.

పీడ వదిలించుకుందామని దర్జీ డబ్బా మూత తీశాడు. పైనే ఓ ఎర్ర గుండీ.

"ఓసారి పోట్లాడుకున్నాం. నా తెల్ల చొక్కా వీపున నడిమధ్య ఇది కుట్టేసింది మహాతల్లి. చూసుకోకుండా బజారంతా తిరిగొచ్చాను..."

నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే భోరుమన్నాడు.

వచ్చినతను ఊరుకోమనలేదు. సూదిలో దారం ఎక్కించి పట్టుకుని కూర్చున్నాడంతే.

పై గురువారం మళ్ళీ హాజరు.

"మళ్ళీ ఊడిందా? గుండీలు నంజుకు తింటున్నావా ఏమిటయ్యా?"

"ఏమో మాస్టారూ, నిలవడం లేదు. ఈసారి ఆవిడైతే ఏది వేసేది?"

అలా వారానికో గుండీ, గుండీకో కబురు.

అయిదో వారం దర్జీ ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. ఆఖరి రోజు ఆవిడ ఆస్పత్రికి రమ్మని కబురు పెట్టిందట. 'ఈ ఒక్క చెయ్యి అతికించి వస్తా'నన్నాడట. వెళ్ళేసరికి ఆవిడ లేదు.

"ఆ చొక్కా ఇంకా అలాగే ఉందయ్యా, ఒంటి చేత్తో."

"రెండో చెయ్యి కుట్టండి మాస్టారూ. నేను కూర్చుంటాను," అన్నాడు అతను.

కుట్టాడు. గుండీలు కూడా వేశాడు.

ఏడో గురువారానికి వీధిలో పిన్నీసు కనబడితే ఒట్టు!

ఆ తర్వాత అతను రాలేదు. రెండు వారాలు చూసి, దర్జీకి బెంగ పట్టుకుంది.

"ఇంట్లో మనిషంటూ ఉంటే వారానికో గుండీ ఊడుతుందా? ఎంతసేపూ నా గోడు వినడమే కానీ, తన సంగతి ఒక్కటీ చెప్పడు. లోపల పెద్ద దిగులుంది పాపం!" అన్నాడు కూతురితో.

మర్నాడే, జన్మలో తొక్కనన్న ఆ డాక్టరు గడప తనే తొక్కాడు.

"ఒకతన్ని చూపించాలమ్మా. పేరు రాసుకో."

బల్ల దగ్గరి అమ్మాయి తేరిపార చూసింది. "చెప్పు వదిలి పారిపోయింది మీరే కదూ?"

"ఆ గొడవ తర్వాత. ముందు అతని సంగతి చూడు."

"పేరు?"

"అడగలేదు. నేనే మాట్లాడేవాణ్ణి."

"పోనీ గుర్తులు?"

"మెడ పధ్నాలుగున్నర, ఛాతీ ముప్పయ్యారు, ఎడమ భుజం అరంగుళం కిందికి. లోపల దిగులుతో కుళ్ళిపోతున్నాడమ్మా, ఈ డాక్టరైతేనే మాట్లాడించగలడు."

"డాక్టరుగారు రెండు వారాల కిందటే బదిలీ మీద వెళ్ళిపోయారండీ," అంటూ ఆ అమ్మాయి సొరుగులోంచి ఒంటి చెప్పూ, చిన్న పొట్లమూ తీసింది. "మీరొస్తే ఇమ్మన్నారు."

దర్జీ పొట్లం విప్పాడు.

ఈ కథ మరిచిపోకండి. దిగులుగా కూర్చున్నవాళ్ళెవరైనా కనబడితే పక్కన చేరి చెప్పండి. ఈ ఒక్క ముక్క మాత్రం నాలాగే చివరిదాకా దాచండి: పొట్లంలో ఉన్నవి ఏడు గుండీలు, ఒక్కటీ ఊడింది కాదు, ప్రతిదాని దారమూ కత్తెరతో నున్నగా కత్తిరించి ఉంది.